కందిరీగ ముఖం

కందిరీగ అనగానే మనకు దాని కొండియే జ్ఞాపకం వస్తుంది. దాని ముఖాన్ని తేరిపార చూసినవారు అరుదు. రెండు పెద్ద సంయుక్త నేత్రాలతోపాటు నడినెత్తిన త్రిభుజాకారంగా అమరిన మూడు చిన్న కన్నులు కూడా దానికున్నాయి. ఇవి మాక్రో ఛాయాచిత్రంలో చక్కగా కనిపిస్తాయి.

అయితే అట్టి చిత్రం తీయడం సులభం కాదు. కటకం వస్తువును ఎంత పెద్దదిగా చూపితే, స్పష్టంగా కనిపించే లోతు అంతగా తగ్గిపోతుంది. 5 రెట్లు పెంచినప్పుడు అది మిల్లీమీటరులో కొన్ని వందోవంతులు మాత్రమే. కన్ను స్పష్టమైతే స్పర్శశృంగం మసకబారుతుంది. కటక రంధ్రాన్ని బాగా కుదిస్తే లోతు కొంత పెరుగుతుంది గాని, కాంతి వివర్తనం చెంది చిత్రమంతా పదును కోల్పోతుంది. అందుచేత కెమెరాను వెంట్రుకవాసి కన్నా తక్కువగా జరుపుతూ పదులకొద్దీ, ఒక్కొక్కసారి వందలకొద్దీ చిత్రాలు తీసి, ప్రతిదానిలోని స్పష్టమైన భాగాన్ని మాత్రమే గ్రహించి కంప్యూటరు ద్వారా ఒక్కటిగా కూర్చుతారు. దీనినే ఫోకస్ స్టాకింగ్ అంటారు. బ్రిటన్‌కు చెందిన లెవాన్ బిస్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని కీటకాలను ఈ పద్ధతిలోనే చిత్రించి 2016లో అక్కడ ప్రదర్శించాడు. ఒక్కొక్క కీటకానికి సుమారు 8,000 చిత్రాలు అవసరమయ్యాయి!

అవి ప్రాణంలేని నమూనాలు. సజీవమైన కందిరీగ కాలు కదిపినా శ్రమంతా వృథాయే; కూర్చిన చిత్రంలో ఒకే కాలు రెండుగా కనబడుతుంది. కొందరు దానిని ఫ్రిజ్‌లో ఉంచి, చలికి బిగుసుకుపోయాక చిత్రం తీస్తారు. ఆ పని నాకు సమ్మతం కాదు. ఒంటరిగా జీవించే కందిరీగలలో కొన్ని రాత్రివేళ గడ్డిపరకను దవడలతో కరచిపట్టుకొని నిద్రిస్తాయి. ఎండ సోకి ఒళ్లు వెచ్చబడేవరకు అవి సాధారణంగా కదలవు. గాలి వీయని వేకువలో, ఆ కొద్ది సమయంలోనే ఛాయాగ్రాహకుడు తన చిత్రాల వరుసను పూర్తిచేసుకోవాలి.