పురుగు కందిరీగ అవుతుందా? అవధూత చెప్పిన 24వ గురువు

పోయిన వీడియోలో అవధూత 24 మంది గురువుల గురించి చెప్పుకున్నాం కదా. అందులో నేను చెప్పిన ఒక మాట సరిదిద్దుకోవాలి.

వీడియో చూడనివాళ్ల కోసం: భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పే కథ ఇది. యదు మహారాజు ఒక అవధూతను చూసి, నీకింత ఆనందం ఎక్కడిదని అడుగుతాడు. పెద్దలు ఆ అవధూత దత్తాత్రేయుడే అంటారు. కొండచిలువ, తేనెటీగ, ఏనుగు, జింక, చేప, సాలెపురుగు... ఇవన్నీ నా గురువులే అంటాడాయన. (మన తెలుగు భాగవతంలో ఈ స్కంధం రాసింది పోతన గారు కాదు, ఆయన శిష్యుడు వెలిగందల నారయ. నాకూ మొన్నటిదాకా తెలీదు.)

చివరి గురువు గూడు కట్టే కందిరీగ. అది పురుగును తెచ్చి గూట్లో పెడితే, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి అదే అయిపోతుందట. మనవాళ్లు భ్రమర కీట న్యాయం అనేది దీన్నే. వీడియోలో నేను దీన్ని "ప్రకృతిలో జరిగే నిజం" అనేశాను.

పటమటలో మా ఇంటి కిటికీ మూలన ఒక మట్టిగూడు ఉంది. చిన్న కుండలా ఉంటుంది. ఎనిమిదో క్లాస్ చదివే మా అక్క కొడుకు వీడియో చూసి, స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి దాన్ని పగలగొట్టాడు. లోపల నాలుగైదు పచ్చటి గొంగళిపురుగులు ఉన్నాయి. చావలేదు, కదలట్లేదు. వాటి మధ్య తెల్లటి చిన్న పిల్లపురుగు ఒకటి వాటిని తింటోంది.

"మావయ్యా, ఇది మారట్లేదు. దీన్ని తినేస్తున్నారు" అన్నాడు.

వాడు చూసిందే నిజం. ఈ జాతి కందిరీగ గూట్లో గుడ్డు పెడుతుంది. గొంగళిపురుగులను కుట్టి, కదలకుండా చేసి, తెచ్చి లోపల పేర్చి మూతి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తిని, పెరిగి, రెక్కలొచ్చాక గోడకి కన్నం చేసుకుని బయటికి వస్తుంది. పాతకాలం వాళ్లు లోపలికి పురుగు వెళ్లడం చూశారు, బయటికి కందిరీగ రావడం చూశారు. మధ్యలో ఏం జరిగిందో కనిపించలేదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ తప్ప లాగ్స్ లేని సిస్టమ్ ఇస్తే నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

ఇది మనకొక్కళ్లకే వచ్చిన చిక్కు కాదు. గుణదలలో ఉండే మా ఫ్రెండ్ క్రిస్టియన్. వాడితో ఇదంతా చెబితే గూడబాతు సంగతి చెప్పాడు. జంతువుల నుంచి క్రైస్తవ పాఠాలు చెప్పే ఫిజియోలోగస్ అనే పాత గ్రీకు పుస్తకం ఉంది. గూడబాతు తన రొమ్ము చీల్చుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని అందులో రాశారు. అది క్రీస్తు త్యాగానికి గుర్తు అయిపోయింది, యూరప్ చర్చిల్లో ఆ బొమ్మలు చెక్కారు. మనం కొల్లేరు దగ్గర ఆటపాక వెళ్తే అసలు సంగతి చూడొచ్చు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటాయి. రక్తం లేదు, ఏం లేదు. డార్విన్‌కైతే ఇలాంటి పురుగులే ఇంకా పెద్ద ప్రశ్న వేశాయి. బతికున్న గొంగళిపురుగుల్ని తినేలా వీటిని దయగల దేవుడు ఎందుకు సృష్టిస్తాడని 1860లో తన స్నేహితుడు ఏసా గ్రేకి ఉత్తరం రాశాడు.

మా వాడు అడిగింది అంతకన్నా సూటిగా ఉంది. "అయితే మిగతా 23 కూడా అబద్ధాలేనా?"

కాదు. గాలానికి ఎర కోసం వచ్చి చేప చిక్కుతుంది, అది ప్రకాశం బ్యారేజ్ దగ్గర రోజూ చూస్తాం. మాంసం ముక్క పట్టుకున్న పక్షిని మిగతావి తరమడం, అది ముక్క వదిలేయగానే దాని జోలికి రాకపోవడం కూడా నిజమే. గద్ద నోట్లో చేప ఉన్నప్పుడు కాకులు ఏం చేస్తాయో ఎప్పుడైనా గమనించండి. కందిరీగ దగ్గర మాత్రం పోలిక నిలబడదు.

మరి అవధూత చెప్పిన అసలు మాట? ఆయన పాఠం చెప్పింది పురుగు శరీరం గురించి కాదు, మనసు గురించి. ప్రేమతో గానీ, ద్వేషంతో గానీ, భయంతో గానీ మనసు దేన్ని గట్టిగా పట్టుకుంటే ఆ రూపం పొందుతుందంటాడు. ఇందులో "భయం" అనే మాటని నేను వీడియోలో గబగబా దాటేశాను. దాటేయడానికి కారణం ఉంది.

నా మొదటి ఉద్యోగంలో ఒక లీడ్ ఉండేవాడు. కాల్‌లో పదిమంది ముందు "ఇది కూడా రాదా?" అనేవాడు. రెండేళ్లు రాత్రుళ్లు పడుకుంటే ఆయన గొంతే వినిపించేది. దేవుణ్ణి కూడా అంత ఏకాగ్రతతో తలుచుకోలేదు నేను. ఈ మధ్య నా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి బిల్డ్ పాడు చేశాడు. కాల్‌లో నా నోట్లోంచి అదే మాట, అదే సాగదీతతో వచ్చింది. ఆ అబ్బాయి మ్యూట్ పెట్టేసుకున్నాడు.

ఆ రోజు నాకు మట్టిగూడు గుర్తురాలేదు. మావాడు పగలగొట్టాక గుర్తొచ్చింది.

వీడియో కింద సవరణ పెట్టాను, ఆ భాగం మళ్లీ రికార్డ్ చేస్తాను. కిటికీకి అవతల ఇంకో గూడు ఉంది. మూతి ఇంకా మూసే ఉంది, మావాడు దాన్ని ముట్టుకోనని ఒప్పుకున్నాడు. ఆ అబ్బాయికి నిన్న సాయంత్రం ఫోన్ చేసి సారీ చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు. పర్లేదని నాకనిపించలేదు. రేపు కాల్‌లో, ఆ పదిమంది ముందే చెబుతాను.