పొరుగింటి తగాదా: నిప్పురవ్వ దగ్గరే ఆర్పాలి

ఇల్లు అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. దివ్య ఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 80వ ఆయత్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను జ్ఞాపకం చేస్తూ, మన ఇళ్లను మనకు విశ్రాంతి స్థలాలుగా చేసినట్లు తెలియజేశాడు. అక్కడ వచ్చిన ‘సకన్’ అనే పదంలో నివాసం అన్న అర్థంతో పాటు నెమ్మది, ప్రశాంతత అన్న భావం కూడా ఉంది. నాలుగు గోడలు, పైకప్పు ఉన్నంత మాత్రాన ఆ అనుగ్రహం పూర్తి కాదు. తలుపు వేసుకుని నిశ్చింతగా కన్ను మూయగలిగినప్పుడే అది మనకు దక్కినట్లు.

ఈ నిశ్చింతను దూరం చేసేవాటిలో పొరుగువారితో తగాదా ఒకటి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో గోడకు గోడ ఆనుకుని వరుసగా ఇళ్లుండే వీధులు ఎన్నో ఉన్నాయి. ఒకరి చూరు నీరు మరొకరి గుమ్మంలో పడుతుంది. ఒకరి కొబ్బరి మట్ట మరొకరి పెరట్లో రాలుతుంది. పట్నంలోనైతే మురుగు కాలువ, బండి నిలిపే చోటు, ప్రహరీ గోడ, మేడ మీది కిటికీ. తగాదా పుట్టడానికి ఇవి చాలు. మొదటి రోజు ఒక మాట, రెండో రోజు ఒక కేక. మూడో రోజు బంధువులు దిగుతారు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు నీళ్లకు వెళ్లాలన్నా, పిల్లలు వీధిలో ఆడుకోవాలన్నా భయమే. ఇటువంటి పరిస్థితిలో ఇస్లాం మనకేమి నేర్పుతున్నదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

విశ్వాసానికి కొలమానం

అన్‌నిసా సూరా 36వ ఆయత్‌లో అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించిన వెంటనే తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల హక్కులను పేర్కొన్నాడు. అదే వరుసలో బంధువైన పొరుగువారు, బంధువు కాని పొరుగువారు అని ఇద్దరినీ విడిగా ప్రస్తావించాడు. బంధుత్వం లేనివారికి కూడా మనపై హక్కు ఉందని దీనివల్ల స్పష్టమవుతున్నది. జిబ్రీల్ (అ) పొరుగువారి గురించి పదే పదే తాకీదు చేస్తూ ఉండటంతో, వారికి ఆస్తిలో కూడా వారసత్వం ఇప్పిస్తారేమోనని తనకు అనిపించినట్లు మహాప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

బుఖారీలోనే మరొక హదీసు ఉంది. ఎవరి కీడు నుండి అతని పొరుగువాడు నిర్భయంగా ఉండలేడో అతడు విశ్వాసి కాజాలడని మహాప్రవక్త (స) అల్లాహ్‌పై ప్రమాణం చేసి మూడుసార్లు చెప్పారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పొరుగువాణ్ణి కొట్టినవాడి గురించో, దోచుకున్నవాడి గురించో మాత్రమే ఆయన చెప్పలేదు. పొరుగువాని మనసులో మన వల్ల భయం ఉండటమే మన విశ్వాసానికి లోటు అని హెచ్చరించారు. మనం చెయ్యి ఎత్తకపోవచ్చు. కాని మనం ఇంట్లో ఉన్నామని తెలిసి పక్కింటివారు తలుపు గడియ వేసుకుంటున్నారంటే, మన నమాజు, ఉపవాసాల సంగతి మనం పునరాలోచించుకోవలసిందే.

ఒక స్త్రీ రాత్రులు నమాజు చేస్తుందనీ, పగళ్లు ఉపవాసం ఉంటుందనీ, దానధర్మాలు చేస్తుందనీ, అయితే నోటి దురుసుతో పొరుగువారిని బాధిస్తుందనీ మహాప్రవక్త (స) ముందు ప్రస్తావన వచ్చింది. ఆమెలో మేలు లేదనీ, ఆమె నరకవాసి అనీ ఆయన చెప్పారు. విధి నమాజులు మాత్రమే చేస్తూ, కొద్దిపాటి దానం ఇస్తూ, ఎవరినీ నొప్పించని మరొక స్త్రీని స్వర్గవాసిగా పేర్కొన్నారు. హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన ఈ హదీసును ఇమామ్ బుఖారీ (రహ్మ) ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో నమోదు చేశారు.

మన నేల చెప్పే గుణపాఠం

పొరుగు తగవు ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి మనం దూరదేశాల చరిత్ర వెతకనక్కర లేదు. బొబ్బిలి కథ మన పిల్లలందరికీ తెలిసినదే. అయితే దాన్ని వీరగాథగానే విన్నాం గాని, ఇరుగుపొరుగు తగవుగా ఎప్పుడూ ఆలోచించలేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చినవారు షేర్ ముహమ్మద్ ఖాన్. బొబ్బిలి, విజయనగరం జమీందారుల పూర్వీకులు ఇద్దరూ 17వ శతాబ్దంలో ఆయన వెంట ఈ ప్రాంతానికి వచ్చినవారేనని గెజెటీర్లు చెబుతున్నాయి. షేర్ అంటే పులి. ఆయనపై గౌరవంతో పెట్టిన ‘పెద్దపులి’ అన్న పేరే క్రమంగా బొబ్బిలి అయిందని కూడా అవి పేర్కొంటున్నాయి. ఒకే దండులో కలిసి వచ్చిన రెండు కుటుంబాలు పక్కపక్కనే స్థిరపడ్డాయి. సరిహద్దుల దగ్గర, వాగుల నీళ్ల దగ్గర తగవులు వచ్చాయి. దానికి నువ్వు గొప్పా నేను గొప్పా అన్న పంతం తోడైంది. తరాలు గడిచినా ఆ పంతం తగ్గలేదు.

చివరకు విజయనగరం పాలకుడు విజయరామరాజు తన పొరుగువాణ్ణి అక్కడి నుండి తొలగించడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ సాయం తెచ్చుకున్నాడు. 1757 జనవరి 24న ఫిరంగులు బొబ్బిలి కోటపై విరుచుకుపడ్డాయి. కోట నిలవదని తెలిశాక లోపల ఉన్న స్త్రీలు, పిల్లలు తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. రంగారావు పోరాడుతూ మరణించాడు. ఆయన పసి కుమారుడు ఎలాగో బతికి బయటపడ్డాడు. గెలిచామనుకున్న విజయరామరాజు కూడా కొద్ది రోజులకే రాత్రివేళ తన గుడారంలో హతుడయ్యాడు. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడని జనం నేటికీ పాడుకుంటారు.

ఎవరు గెలిచారు? ఇద్దరూ పోయారు. ఏ నీటి కోసం, ఏ హద్దు కోసం తగవు మొదలైందో ఆ నీరూ, ఆ నేలా అక్కడే ఉన్నాయి. ఆ రాజులు ఫిరంగులు తెచ్చుకున్నారు. మనం బావమరుదులను, పార్టీ నాయకులను, కర్రలను తెచ్చుకుంటాం. పద్ధతి మాత్రం ఒక్కటే. ఇద్దరి మధ్య తేలవలసిన విషయంలోకి మూడో బలాన్ని తెచ్చిన రోజున తగవు మన చెయ్యి దాటిపోతుంది.

తగవు పెరిగే మెట్లు

అల్ హుజురాత్ సూరా 11, 12 ఆయతుల్లో అల్లాహ్ ఎగతాళిని, పేర్లు పెట్టి పిలవడాన్ని, అనుమానాన్ని, గూఢచర్యాన్ని, చాడీలను నిషేధించాడు. పొరుగు తగాదా సరిగ్గా ఈ మెట్ల మీదుగానే పైకెక్కుతుంది. కాలువ మూసుకుపోతే ‘కావాలనే మూశారు’ అనుకుంటాం. ఇది అనుమానం. వాళ్లింటికి ఎవరు వస్తున్నారో కిటికీలోంచి చూస్తాం, ఫోనులో వీడియో తీస్తాం. ఇది గూఢచర్యం. దాన్ని వాట్సాప్‌లో పదిమందికి పంపుతాం. ఇది చాడీ. మొదటి మెట్టు దగ్గర ఆగినవానికి మిగిలినవాటితో పని ఉండదు.

మన జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు బాగా తక్కువ. మన పొరుగువారిలో అధికులు హైందవ సోదరులే. కనుక మరొక మెట్టు గురించి ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కాలువ తగాదా కాలువ తగాదాగానే ఉండాలి. దానికి మతం రంగు పూయడం ఎవరు చేసినా అది ఊరంతటికీ ముప్పు. ఒక వర్గంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపు నెట్టరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తున్నది. సాక్ష్యం స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే న్యాయంపై నిలబడమని అన్‌నిసా సూరా 135వ ఆయత్ చెబుతున్నది. తప్పు మనవాడిదైతే మనవాడికే చెప్పాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) తమ ఇంట మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి మాంసం పంపారా అని ఇంటివారిని అడిగారు. సహాబాల దృష్టిలో పొరుగు హక్కుకు మతం అడ్డు కాలేదు.

హద్దు విషయంలో భయభక్తులు

జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందని మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు విన్నవారిలో హజ్రత్ సయీద్ బిన్ జైద్ (ర) ఒకరు. తన నేలలో కొంత ఆయన కలుపుకున్నారని అర్వా అనే స్త్రీ మదీనా పాలకుడు మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ప్రవక్త నోట ఆ మాట విన్న తర్వాత నేనలా చేస్తానా అని ఆయన బదులిచ్చారు. మర్వాన్ ఇక వేరే సాక్ష్యం అడగలేదు. అయినా సయీద్ (ర) ఆ నేలను ఆమెకే వదిలేసి, ఆమె అబద్ధమాడి ఉంటే తీర్పు అల్లాహ్‌కే అప్పగిస్తూ దుఆ చేశారు. ఆమె చివరకు చూపు కోల్పోయి, తన నేలలోని బావిలోనే పడి మరణించిందని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. తన హక్కు నిరూపితమైనా జానెడు నేల కోసం పంతం పట్టకపోవడం ఆయన గొప్పతనం. మనం కనీసం పరుల జానెడు మన ప్రహరీలోకి రాకుండా చూసుకోవాలి. పొరుగువాడు మన గోడపై దూలం ఆన్చుకుంటానంటే కాదనవద్దని కూడా మహాప్రవక్త (స) ఉపదేశించారు.

భయపడుతున్నది మనమే అయితే?

కొందరు సోదరీమణులు అడుగుతుంటారు: ‘మేం సహనం వహిస్తూనే ఉన్నాం. వాళ్లు ఆగడం లేదు. ఇంకెన్నాళ్లు?’ ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి అబూ దావూద్ గ్రంథంలోని ఒక సంఘటన దారి చూపుతుంది. ఒక వ్యక్తి తన పొరుగువాని వేధింపు గురించి మొరపెట్టుకుంటే మహాప్రవక్త (స) మొదట సహనం వహించమన్నారు. అతడు రెండు మూడుసార్లు వచ్చాక, ఇంటి సామాన్లు తెచ్చి దారిలో పెట్టమన్నారు. దారిన పోయేవారు ఏమిటని అడిగారు, అతడు చెప్పాడు. జనమంతా ఆ పొరుగువాణ్ణి నిందించసాగారు. చివరకు ఆ పొరుగువాడే వచ్చి, ఇక నా వల్ల నీకు ఏ ఇబ్బందీ ఉండదు, ఇంటికి పద అని బతిమాలాడు.

ఇందులో మూడు పాఠాలున్నాయి. సహనం మొదటి మెట్టు. కాని అన్యాయాన్ని దాచిపెట్టి నోరు మూసుకోవడం సహనం కాదు. తిరిగి కొట్టడం కూడా దారి కాదు. నలుగురి ముందూ నిజం పెట్టి సమాజం చేత న్యాయం చెప్పించుకోవాలి. నేటి కాలంలో దీన్ని ఇలా ఆచరించవచ్చు.

మొదట ఇంటి పెద్ద ఒక్కడే, కోపం చల్లారిన వేళ వెళ్లి మాట్లాడాలి. తెగకపోతే ఇరువైపులా గౌరవం ఉన్న పెద్దలను, మసీదు కమిటీ సభ్యులను, వారి వైపు పెద్దలను కలిపి కూర్చోబెట్టాలి. హద్దు తగాదా అయితే తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి సర్వేయర్ చేత కొలిపించుకోవాలి. గొలుసు చెప్పిన దానికి ఇద్దరూ కట్టుబడాలి. శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే తుది తీర్పు, దానిపై అప్పీలు ఉండదు. 15100 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

చంపుతామని బెదిరించినా, ఇంట్లోకి జొరబడినా, ఆడపిల్లల వెంటపడినా పంచాయితీ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే 112కు ఫోను చేయాలి. స్త్రీలకు 181 కూడా ఉంది. జరిగినదాన్ని తేదీలతో రాసిపెట్టుకుని పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద, శాంతికి భంగం కలిగించే వ్యక్తి చేత ఏడాది వరకు శాంతిని పాటిస్తానని పూచీ రాయించుకునే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఉంది. జనం దీన్నే బైండోవర్ అంటారు. ప్రాణాన్ని, మానాన్ని కాపాడుకోవడం ధర్మమే. అందుకు చట్టాన్ని ఆశ్రయించడం సహనానికి విరుద్ధం కాదు.

మనవైపు నుండి చేయవలసినవి

ఇదే చట్టం ముందు మనమూ సమానులమే. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మన పెళ్లి ఇంట ఆ వేళలో మైకు మోగితే పక్కింట్లో ఉన్న రోగి పడే బాధకు మనమే జవాబుదారులం. కూర వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని హజ్రత్ అబూజర్ (ర)కు మహాప్రవక్త (స) ఉపదేశించారు. రంజాన్ పండుగనాడు మన షీర్ ఖుర్మా వారింటికి, సంక్రాంతికి వారి అరిసెలు మనింటికి నడిచిన చోట, కాలువ మూసుకుపోయినా ఇద్దరూ కలిసే పార పట్టుకుంటారు.

ఇద్దరి మధ్య సంధి కుదర్చడం నఫిల్ ఉపవాసం, నమాజు, దానాల కంటే శ్రేష్ఠమని హజ్రత్ అబూ దర్దా (ర) ఉల్లేఖించిన హదీసు తెలియజేస్తున్నది. కనుక వీధిలో తగవు జరుగుతుంటే కిటికీలోంచి చూస్తూ ఊరుకోవద్దు. నిప్పురవ్వగా ఉన్నప్పుడు ఒక చెంబెడు నీళ్లు చాలు. కప్పు అంటుకున్నాక ఏరు తెచ్చినా చాలదు.

ఈ రాత్రి నిద్రపోయే ముందు ప్రతి ఇంటివారూ ఒక ప్రశ్న వేసుకోవాలి: మన వల్ల పక్కింట్లో ఎవరైనా భయంతో మేలుకుని ఉన్నారా? ఉన్నారనిపిస్తే తెల్లవారగానే వెళ్లి సలాం చెప్పాలి, లేదా నమస్కారమైనా అందుకుని మాట కలపాలి.

అల్లాహ్ మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా చేయుగాక! చెడ్డ పొరుగు నుండి మనల్ని కాపాడి, మనం ఎవరికీ చెడ్డ పొరుగు కాకుండా చేయుగాక! ఆమీన్.