స్పానిష్ క్రియాపదము: తెలుగు, ఉర్దూల వెలుగులో ఒక పరిశీలన

వాక్యమునకు ప్రాణము క్రియ. కర్తను చెప్పకున్నను, కర్మను చెప్పకున్నను, "వచ్చితిని" అను ఒక్క మాటతో వాక్యము పూర్తి యగుచున్నది. ఎవరు వచ్చిరో, ఎప్పుడు వచ్చిరో ఆ ఒక్క పదమే చెప్పుచున్నది. కావున ఏ భాషనైనను నేర్వగోరువారు మొదట దాని క్రియను పట్టుకొనవలెను.

మన కళాశాల విద్యార్థులలో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. "ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. మూడును సగము సగమే వచ్చినవి. ఇక నాలుగవ భాష మా వల్ల ఎట్లగును?" అని వారందురు. ఈ నిరాశకు ఆధారము లేదని మేము తలచుచున్నాము. రెండు భాషలు ఎరిగినవారి చేతిలో రెండు తాళపుచెవులుండును. ఒకటి తెరువలేని తలుపును మరియొకటి తెరువగలదు. దీనికి నిదర్శనముగా మన దేశమునకు దూరమైన స్పానిష్ భాషనుండి ఒక క్రమక్రియను గైకొని, దాని రూపములను ఇక్కడ పరిశీలింతము.

స్పానిష్ రమారమి 20 దేశములలో అధికార వ్యవహారమున నున్న భాష. దాని మొదటి ముద్రిత వ్యాకరణమును ఆంతోనియో దె నెబ్రిఖా అను పండితుడు రచించెను. అది 1492 ఆగస్టులో సలమాంకా నగరమున వెలువడెను. ఆ సంవత్సరము జనవరిలోనే గ్రనాడా రాజ్యము అంతరించి, 711లో మొదలైన ముస్లిము పాలన స్పెయినులో ముగిసినది. కాని పాలన ముగిసినను మాటలు మిగిలినవి. ఆ మాటలలో నొకటి క్రియారూపములతో ముడిపడి యున్నది. దానిని తగినచోట చూతము.

ధాతువు, ప్రత్యయము

స్పానిష్ క్రియలన్నియు మూలరూపమున ఆర్, ఏర్, ఈర్ అను మూడు తుదులలో ఒకదానితో ముగియును. మనము గైకొను క్రియ "అబ్లార్", అనగా మాట్లాడుట. వ్రాతలో దీని మొదట హకారమున్నను దానిని పలుకరు. లాటినులో ఈ మాట ఫకారముతో మొదలయ్యెడిది. అది హకారమై, పిదప ఉచ్చారణలో లోపించినది.

తుదినున్న "ఆర్"ను తొలగింపగా మిగులు "అబ్ల్" అనునదే ధాతువు. దీనికి ప్రత్యయములను చేర్చినచో పురుష, వచనము, కాలము తెలియును. మన తెలుగు పద్ధతియు ఇదియే గదా! ఉత్తమపురుషకు ను, ము. మధ్యమపురుషకు వు, రు అని మనము చేర్చుచున్నాము. అందుచేతనే తెలుగులో "నేను" అనకయే "మాట్లాడుదును" అనగలము. స్పానిష్ వారును కర్తను సాధారణముగా విడిచిపెట్టుదురు. ఈ విషయమున ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవాని కంటె తెలుగువాడు ముందున్నాడు.

ఒక లిపి నియమము. స్పానిష్‌లో ఏ అక్షరమును ఊనిక నిచ్చి పలుకవలెనో అక్కడ ఈ వ్యాసమున దీర్ఘము వ్రాసినాము, తక్కినచోట హ్రస్వము. ఎ, ఏలకు, ఒ, ఓలకు వేరు వేరు అక్షరములు గల మన లిపి ఇందుకు చక్కగా ఉపకరించును.

నిశ్చయార్థకము

జరుగుచున్నది, జరిగినది, జరుగనున్నది అని నిశ్చయముగా చెప్పు రూపములివి. నేను, నీవు, అతడు లేక ఆమె, మేము, మీరు, వారు అను వరుసలో వ్రాయుచున్నాము.

వర్తమానము: ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, అబ్లాయిస్, ఆబ్లన్.

ఈ రూపము మన వర్తమానమునకే గాక తద్ధర్మమునకును చెల్లును. "ఆబ్లొ ఎస్పన్యోల్" అనగా నేను స్పానిష్ మాట్లాడుదునని అర్థము. ఈ క్షణమున మాట్లాడుచున్నానని ప్రత్యేకముగా చెప్పవలసినచో "ఎస్తోయ్ అబ్లాందొ" అందురు. "మాట్లాడుచు ఉన్నాను" అను మన పోకడయే ఇది.

భూతము, పూర్తియైన పని: అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లాస్తెయిస్, అబ్లారొన్.

భూతము, సాగుచుండిన పని: అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబయిస్, అబ్లాబన్.

ఈ రెండు భూతముల భేదము ఇంగ్లీషు మార్గమున వచ్చువారికి కష్టముగా తోచును. మనకు కష్టము లేదు. "నిన్న ఆచార్యునితో మాట్లాడితిని" అనునది ఒకనాడు జరిగి ముగిసిన పని: "అయేర్ అబ్లే కొన్ ఎల్ ప్రొఫెసోర్". "చిన్నతనమున అరబ్బీ మాట్లాడుచుండెడివాడను" అనునది అలవాటుగా సాగినది: "దె నీన్యొ అబ్లాబ ఆరబె". తెలుగులో మాట్లాడెను, మాట్లాడుచుండెను; ఉర్దూలో బోలా, బోల్తా థా. భేదము మన నాలుకపై ఇదివరకే యున్నది. ప్రత్యయములను మాత్రము కొత్తగా నేర్వవలెను.

భవిష్యత్తు: అబ్లరే, అబ్లరాస్, అబ్లరా, అబ్లరేమొస్, అబ్లరేయిస్, అబ్లరాన్.

ఇందు ధాతువునకు గాక సంపూర్ణమైన మూలరూపమునకే ప్రత్యయము చేరినది. కారణమేమన, కలిగియుండుట అను అర్థము గల సహాయక్రియ పూర్వము మూలరూపము ప్రక్కన నిలిచి, కాలక్రమమున దానికే అతుకుకొనినది. మాట్లాడుచు, ఉన్నాను అను రెండు మాటలు కలిసి "మాట్లాడుచున్నాను" అయినట్లే ఇదియు. ఈ కాలమును ఊహకును వాడుదురు. గంట మూడై యుండును అనుటకు "సెరాన్ లస్ త్రేస్" అందురు. "తీన్ బజే హోంగే" అను ఉర్దూ వాక్యము సరిగా అట్టిదే.

సందర్భాధీనము, అనగా ఒక షరతుపై ఆధారపడినది: అబ్లరీయ, అబ్లరీయస్, అబ్లరీయ, అబ్లరీయమొస్, అబ్లరీయయిస్, అబ్లరీయన్.

ఇవి గాక, సహాయక్రియతో ఏర్పడు సంయుక్త రూపములు కలవు. "ఎ అబ్లాదొ" అనగా మాట్లాడియున్నాను. ఇందు "అబ్లాదొ" మారదు. సహాయక్రియ మాత్రమే ఎ, అస్, అ, ఏమొస్, అబేయిస్, అన్ అని మారుచుండును.

ఆశంసార్థకము

ఇప్పుడు అసలు కఠినమైన ఘట్టమునకు వచ్చితిమి. జరిగినదానిని గాక, జరుగవలెనని కోరినదానిని, జరుగునో లేదో అని శంకించినదానిని చెప్పుటకు స్పానిష్‌లో వేరొక రూపావళి యున్నది. దానిని మనము ఆశంసార్థకమని పిలుచుకొందము.

వర్తమానము: ఆబ్లె, ఆబ్లెస్, ఆబ్లె, అబ్లేమొస్, అబ్లేయిస్, ఆబ్లెన్.

భూతము: అబ్లార, అబ్లారస్, అబ్లార, అబ్లారమొస్, అబ్లారయిస్, అబ్లారన్.

వర్తమానమున జరిగిన మార్పు స్వల్పము. నిశ్చయార్థకమున అకారమున్నచోట ఇక్కడ ఎకారము వచ్చినది. కాని అర్థము పూర్తిగా మారినది. "సే కె ఆబ్లస్" అనగా నీవు మాట్లాడుదువని నేనెరుగుదును. "కియేరొ కె ఆబ్లెస్" అనగా నీవు మాట్లాడవలెనని కోరుచున్నాను. మొదటిది ఎరుక, రెండవది కోరిక. అట్లే "క్రేయొ కె ఆబ్ల" అనగా అతడు మాట్లాడునని నమ్ముచున్నాను. "నొ క్రేయొ కె ఆబ్లె" అనగా అతడు మాట్లాడునని నేను నమ్మను. నమ్మకము తొలగగానే క్రియ రూపము మార్చుకొనినది.

ఇక్కడ తెలుగు మనకు పూర్తిగా తోడురాదు. మనము "అని", "వలెను" అను మాటలతో ఈ పనిని నిర్వహింతుము. కాని రెండవ తాళపుచెవి సిద్ధముగా నున్నది. ఉర్దూలో "మైఁ జాన్తా హూఁ కె తుమ్ బోల్తే హో" అందుము. "మైఁ చాహ్తా హూఁ కె తుమ్ బోలో" అందుము. "వహ్ బోల్తా హై" అనునది నిశ్చయము. "కాష్ వహ్ బోలే" అనునది ఆశ. ఇంటిలో అమ్మ నోట ప్రతిదినము వినిన భేదమిది. దీనికి వ్యాకరణమున పేరు తెలియకపోయినను ప్రయోగమున మనము తప్పుపోము.

"కాష్" అనుచోట స్పానిష్ వారు వాడు మాట "ఒఖలా". దీని నడుమ నున్నది ఉర్దూ "ఖే" వంటి ధ్వని. ఈ మాట పూర్వపు స్పెయినులోని అరబ్బీ నుండి వచ్చినది. "లౌ షా అల్లాహ్", అనగా దైవము తలచినచో, అను పదబంధమే కుదించుకొని ఇట్లయినది. నాటి షకారము స్పానిష్ ధ్వనుల మార్పులో తరువాత ఖకారముగా మారినది. "ఒఖలా" తరువాత వచ్చు క్రియ ఎల్లప్పుడును ఆశంసార్థకముననే యుండును: "ఒఖలా ఆబ్లె", అతడు మాట్లాడుగాక! దైవము చేతిలో నున్నదానిని నిశ్చయార్థకమున చెప్పరాదని వ్యాకరణమే శాసించుచున్నట్లున్నది.

షరతు వాక్యమున రెండు రూపములు జతపడును. "సి అబ్లార ఎస్పన్యోల్, త్రబఖరీయ ఎన్ మద్రీద్": స్పానిష్ మాట్లాడగలవాడనైనచో మద్రీదు నగరమున పనిచేయుదును. నిజము కాని షరతు ఆశంసార్థక భూతమున, దాని ఫలితము సందర్భాధీన రూపమున నిలిచినవి.

విధ్యర్థకము, మర్యాద

నీవు మాట్లాడుము అనుటకు "ఆబ్ల". సన్నిహితులైన పలువురితో "అబ్లాద్". మాట్లాడవద్దు అనునప్పుడు మాత్రము ఆశంసార్థకమును తెచ్చి "నొ ఆబ్లెస్" అందురు.

సన్నిహితుని "తూ" అని, గౌరవింపదగిన వానిని "ఉస్తేద్" అని సంబోధింతురు. "ఉస్తేద్" అనునది "తమ దయ" అను అర్థము గల రెండు మాటల కుదింపు. అందుచే అది మధ్యమపురుషయైనను ప్రథమపురుష క్రియనే గైకొనును. దానికి విధిరూపము "ఆబ్లె". ఆజ్ఞ కోరికగా మారినచోట మర్యాద పుట్టుచున్నది. "ఆప్ తష్రీఫ్ లాయేఁ" అను ఉర్దూ మర్యాదయు ఆశంసార్థకమే యని గమనింపుడు.

ఊనికయే అర్థము

ఊనిక తప్పినచో అర్థమే తప్పును. "ఆబ్లొ" నేను మాట్లాడుదును. "అబ్లో" అతడు మాట్లాడెను. "ఆబ్లె" అతడు మాట్లాడుగాక. "అబ్లే" నేను మాట్లాడితిని. "అబ్లారన్" ఆశంసార్థకము, "అబ్లరాన్" భవిష్యత్తు. వ్రాతలో ఈ ఊనికను సూచించుటకు అచ్చుపై చిన్న గీత నుంతురు. ఆ గీతను విడిచిన విద్యార్థి కర్తను, కాలమును కూడ మార్చినవాడగును.

తక్కిన రెండు గణములు దీనికి దూరము కావు. "కొమేర్" అనగా తినుట, "బిబీర్" అనగా జీవించుట. వర్తమానమున కోమొ, బీబొ. సాగుచుండిన భూతమున కొమీయ, బిబీయ. భవిష్యత్తున కొమెరే, బిబిరే. ఆశంసార్థకమున మాత్రము తిరుగుబాటు కలదు. అబ్లార్ గణము అకారమును విడిచి ఎకారమును గైకొనగా, ఈ రెండును అకారమును గైకొని కోమ, బీబ అగును.

అభ్యాస పద్ధతి

పైన చూపిన సరళరూపములు ఏడు, పురుషలు ఆరు, వెరసి 42. వీనిని పట్టికగా వల్లెవేసిన మాత్రమున ఫలము లేదు. ప్రతి రూపమును ఒక వాక్యమున నిలిపి, దానికి సరియైన తెలుగు వాక్యమును ఒకప్రక్కన, ఉర్దూ వాక్యమును వేరొకప్రక్కన వ్రాసికొనుడు. పురుష ప్రత్యయములకు తెలుగు, ఆశంసార్థకమునకు ఉర్దూ సాయపడును. దినమునకు ఒక కాలము చొప్పున గైకొనినచో ఒక వారమున ఈ ఏడును స్వాధీనమగును. పిదప "మాట్లాడుట"కు బదులు "పనిచేయుట" అను అర్థము గల "త్రబఖార్" క్రియను అదే అచ్చులో పోయుడు. క్రమక్రియ ఒకటి వచ్చినచో వేలకొలది వచ్చినట్లే.

కళాశాల కమిటీ పెద్దలకును ఒక మనవి. మన విద్యార్థికి రెండు భాషలుండుట భారమని, ఒకదానిని తగ్గించినచో రెండవది బలపడునని కొందరు తలంతురు. పై పరిశీలన అందుకు విరుద్ధముగా పలుకుచున్నది. ఒక భాష విడిచిన ఖాళీని రెండవది పూరించినది. కావున తెలుగు వ్యాకరణమును, ఉర్దూ వ్యాకరణమును ఎదురెదురుగా నుంచి బోధించు తరగతి వారమునకు ఒక్కటియైనను ఏర్పడుట మేలు. దానికి కొత్త గ్రంథములు, అధిక వ్యయము అక్కరలేదు. ఇద్దరు అధ్యాపకులు ఒక నల్లబల్ల యెదుట నిలిచిన చాలును.

విద్యార్థులారా! ఎరిగినదానిని నిశ్చయార్థకమున, కోరినదానిని ఆశంసార్థకమున చెప్పుట స్పానిష్ వ్యాకరణము నేర్పు నియమము. "మాకు భాషలు రావు" అని మీరు నిశ్చయార్థకమున పలుకుచున్నారు. అది నిరూపితము కాని మాట. రెండు భాషలలో నవ్వి, వాదించి, ప్రార్థించు మీకు భాష రాదనుట ఎట్లు పొసగును? ఒక నోటుపుస్తకము తెరచి మొదటి పుటలో "ఆబ్లొ" అని వ్రాయుడు. దాని క్రింద "మాట్లాడుదును" అనియు, "మైఁ బోల్తా హూఁ" అనియు వ్రాయుడు. రేపటికి ఆరు రూపములు, వారమునకు ఏడు వరుసలు మీవి కాగలవు.