ఓటీపీ వస్తే చాలా?

ప్రశ్న: క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఖాతాకూ, మెయిల్‌కూ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. ఫోన్‌కు ఓటీపీ వస్తుంది కాబట్టి ధైర్యంగా ఉండొచ్చా?

జవాబు: వద్దండీ, ఈ రోజే ఆ రెండూ వేరు చేయండి. 2011 జూన్‌లో మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ ఖాతాదారుల వివరాలు బయటపడ్డాయి. అవే పాస్‌వర్డులు వాడిన మైబిట్‌కాయిన్ అనే వ్యాలెట్ సేవ ఖాతాల్లోనూ దొంగలు చొరబడ్డారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది మెయిల్‌నే. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది అక్కడికే కదా!

ఇక ఓటీపీ. మీ నంబరు మీద ఎవరైనా మోసంతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఆ అంకెలు వాళ్లకే చేరతాయి. ఆథెంటికేటర్ యాప్ ఫోన్‌లోనే కోడ్ తయారుచేస్తుంది, కనుక ఆ బెడద ఉండదు. అయినా నకిలీ సైటులో మీరే ఆ కోడ్ కొడితే అదీ పోతుంది. పాస్‌వర్డ్‌కు బదులు వాడే పాస్‌కీ సదుపాయం ఉంటే అదే తీసుకోండి, నకిలీ చిరునామాలో అది పనిచేయదు.

ఇంకొకటి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. దొంగలు కొట్టింది సంస్థ వ్యాలెట్‌నే, ఖాతాదారుల పాస్‌వర్డులు ఎంత గట్టివైనా లాభం లేకపోయింది. అందుకే పెద్ద మొత్తాలు ఎక్స్ఛేంజ్‌లో ఉంచకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.