కంటిపాపను విప్పార్చు మందులు

రామతీర్థము మొదలు సోంపేట వరకు మన సీమలో ఉమ్మెత్త నెరుగనివారు లేరు. తెల్లని గొట్టపుపూలతో, ముండ్లకాయలతో బీళ్ళలోను బాటల ప్రక్కలను పెరుగు ఈ మొక్క వినాయకచవితి పత్రిలోను చేరును. వంగ, మిరప దీని కుటుంబములోనివే. ఈ ఆకు నలిపిన చేతితో కన్ను నులుముకొన్నచో ఆ కంటిపాప పెద్దదై చూపు మసకబారును. ఆ మసకకును, వైద్యుడు పరీక్షకు ముందు కంటిలో వేయు చుక్కలకును దగ్గరి చుట్టరికము గలదు. దానినే ఇచ్చట వివరింతుము.

కంటిపాప యనునది ఒక రంధ్రము. దాని చుట్టునున్న రంగుతెరకు ఐరిస్ అని పేరు. వెలుతురు ఈ రంధ్రముగుండ లోనికిపోయి, వెనుకనున్న రెటీనా యను పొరపై పడును. తెరలో రెండు కండరములు గలవు. వలయమువంటిది ముడుచుకొనిన పాప చిన్నదగును. బండిచక్రపు ఆకులవంటిది లాగిన పెద్దదగును. మంచి వెలుతురులో పాప 2 మొదలు 4 మిల్లీమీటర్లును, చీకటిలో 4 మొదలు 8 మిల్లీమీటర్లును ఉండును.

మందులును రెండు తెగలు. అట్రోపిన్, ట్రోపికమైడ్ మొదలగునవి వలయకండరమునకు నరము పంపు ఆజ్ఞను అడ్డగించును. దగ్గరిచూపును సవరించు కండరమును కూడ ఇవి సడలించును. కావుననే అక్షరములు అలుకుకొనిపోయినట్లు కనబడును. ఫినైలెఫ్రిన్ అనునది రెండవ కండరమును పురికొల్పును.

1819లో జర్మనీయందు రుంగే యను యువకుడు, ఉమ్మెత్త కుటుంబములోనిదే యగు బెల్లడోనా రసముచే పిల్లి కంటిపాప విప్పారుటను గోథే మహాకవికి చూపెను. 1831లో మైన్ అను ఔషధకారుడు ఆ మొక్క వేరునుండి అట్రోపిన్‌ను వేరుచేసెను. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలిని చూచు యంత్రమును ప్రకటించెను. తలుపు ఓరగా తెరచిన గదిలో ఒక మూలయే కనబడును. బార్లగ తెరచిన గది యంతయు కనబడును. మధుమేహరోగుల రెటీనాను పరీక్షించుటకు పాపను విప్పార్చుట ఇందులకే. శుక్లమును తీయు శస్త్రచికిత్సకును ఇది యవసరము. ఏలయన శుక్లము పట్టిన కటకము పాపకు వెనుక నుండును. సోంపేట ఆరోగ్యవరము కంటి ఆస్పత్రిలో సేవచేసిన డాక్టరు బెన్ గల్లిసన్ గారి విన్నపమువలననే 1963లో కెనడాయందు ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టెను.

ట్రోపికమైడ్ అరగంటలో పనిచేసి కొన్ని గంటలలో తగ్గును. అట్రోపిన్ ప్రభావము వారము, పదిదినములు, ఒక్కొక్కప్పుడు రెండు వారములు నిలుచును. ఐరిస్ వాచినప్పుడు నొప్పి తగ్గించి, ఆ తెర కటకమునకు అంటుకొనకుండ కాపాడుట కీ దీర్ఘకాలమే మేలు.

అయితే మేలుచేయు మందే కీడును చేయగలదు. కంటిలోని నీరు పోవు మార్గము ఇరుకైనవారికి పాప విప్పారినచో ఒత్తిడి హఠాత్తుగ పెరిగి నీటికాసులు రావచ్చును; తీవ్రమైన నొప్పియు వాంతియు కలిగిన తక్షణము వైద్యుని చూడవలెను. అట్రోపిన్ ఎక్కువైన పిల్లలకు ముఖము ఎఱ్ఱబారి, నోరెండి, జ్వరమును కలవరింతయు కలుగును. చుక్కలు వేయించుకొన్నవారు చూపు కుదుటపడువరకు బండి నడుపరాదు. ఎండలో నల్లకద్దాలు ధరింపవలెను.

విద్యార్థులారా! ఉమ్మెత్తరసమును కంటిలో ఎన్నడును పోయకుడు. ఆకులో విషమెంత యున్నదో కొలిచి చెప్పగలవారు ఇంట లేరు. తలకు దెబ్బ తగిలినవారికి పాపలలో నొకటి పెద్దదైన వైద్యులు ప్రమాదముగ నెంచుదురు. కావున ఉమ్మెత్త తాకియుండిన, ఆ మాట వారికి దాచక చెప్పుడు. ఇంట నున్న కంటిచుక్కల బుడ్డిని చిన్నపిల్లల కందకుండ ఉంచుడు.