దీపం కింద మొక్క

హోసూరు, చిక్కబళ్ళాపురం ప్రాంతాలలో రాత్రివేళ ప్రయాణించేవారికి కొన్ని చేలలో వరుసలుగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. అక్కడ జరిగేది తిరునాళ్ళు కాదు. అవి చామంతి తోటలు. రాత్రులు పొడవైనప్పుడు మొగ్గ తొడగడం చామంతి స్వభావం. పగటి నిడివిని బట్టి పూసే మొక్కలున్నాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మొక్క ఎదగకముందే పూస్తే కాడ పొట్టిదవుతుంది, పూలు తగ్గుతాయి, రైతుకు నష్టం. అందుచేత అతడు నడిరాత్రి కొన్ని గంటలు దీపాలు వెలిగించి మొగ్గను ఆపుతాడు. దీనికి మధ్యాహ్నపు ఎండలో వెయ్యో వంతు వెలుతురు చాలు. కనుక బల్బులు ఎత్తున, ఎడంగా ఉన్నా ఫరవాలేదు.

గదిలో నారు పెంచే దీపం సంగతి వేరు. అక్కడ వెలుతురు కేవలం సంకేతం కాదు. మొక్క ఆహారం తయారుచేసుకోవడానికి కావలసిన శక్తి. ఇంటి కప్పుకు బిగించిన దీపం మనం పుస్తకం చదువుకోవడానికి సరిపోతుంది కాని, మొక్క కడుపు నింపదు. దాని కింద నారు సన్నగా, పొడుగ్గా సాగి, కణుపుల మధ్య ఎడం పెరిగి వాలిపోతుంది.

దీనికి కారణం దూరం. చిన్న బల్బు నుండి ఒక అడుగు దూరంలో పడే వెలుతురుతో పోలిస్తే, రెండడుగుల దూరంలో నాలుగో వంతు, మూడడుగుల దూరంలో తొమ్మిదో వంతు మాత్రమే పడుతుంది. పొడవైన ట్యూబులైట్లను పక్కపక్కన అమరిస్తే ఈ తగ్గుదల ఇంత వేగంగా ఉండదు. అయినా దీపాన్ని కిందికి దించడం మరో దీపం కొనడం కంటే చవక.

ఎంతవరకు దించాలి? ట్యూబులైటు అంతగా వేడెక్కదు; జానెడు ఎత్తున వేలాడదీయవచ్చు. పాతకాలపు తీగ బల్బు వాడే విద్యుత్తులో అధికభాగం వేడిగానే పోతుంది. దాన్ని దగ్గరగా పెడితే ఆకు మాడుతుంది. చిగురు ఎత్తులో అరచేతిని కొంతసేపు ఉంచి, వేడి తగిలితే దీపాన్ని పైకి జరపాలి. మొక్క పెరిగేకొద్దీ దీపమూ పైకి పోవాలి కాబట్టి గొలుసుతో కట్టడం మంచిది.

ఇక పరావర్తకం, అంటే కాంతిని వెనుకకు మళ్ళించేది. ట్యూబులైటు నలువైపులా వెలుగుతుంది. అందులో సగానికి పైగా పైకి, పక్కలకు పోతుంది. దానిపై తెల్లరంగు వేసిన రేకు కప్పితే ఆ వెలుతురులో చాలా భాగం కిందికి వస్తుంది. ఎల్.ఇ.డి. దీపాలు సాధారణంగా ముందువైపుకే వెలుతురు పంపుతాయి కనుక వాటికి పై కప్పుతో అంత పని లేదు. పక్కల మాత్రం ఏ దీపానికైనా అడ్డు ఉండాలి. ఇందుకు అద్దాలు కొననక్కరలేదు. అద్దం వెలుతురును ఒకే దిక్కుకు మళ్ళిస్తుంది. సున్నం కొట్టిన గోడ దానిని చెదరగొట్టి అడుగు ఆకులకు సైతం పంచుతుంది. గోడ దూరంగా ఉంటే కుండీల పక్కనే తెల్లని అట్టలు నిలబెట్టవచ్చు. దుమ్ము పట్టిన రేకు, మాసిన అట్ట వెలుతురును మింగేస్తాయి. వాటిని తరచు తుడవాలి.

ఇంత అమర్చాక దీపం ఆర్పడం మరవకూడదు. టమాటా నారుకు రాత్రింబవళ్ళు ఎడతెగకుండా వెలుతురు పెడితే ఆకులు పాలిపోతాయి.