కారులో చల్లదనం – కంప్రెషర్ సంగతులు

సావనీరుకు వ్యాసం కావాలని మన సంఘ కార్యదర్శి అడిగినప్పుడు, ఏదైనా పెద్ద విషయం వ్రాద్దామనుకున్నాను. కానీ గత మే నెలలో పర్ణశాల దారిలో నేను నేర్చుకున్న పాఠమే తరగతిలో నేర్చినదానికన్నా బాగా మనసుకు పట్టింది. అదే వ్రాస్తున్నాను.

భద్రాచలం నుండి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. దుమ్ముగూడెం మీదుగా వెళ్ళాలి. మా పెదనాన్నగారి పాత కారులో నాయనమ్మను తీసుకుని రాములవారి దర్శనం చేసుకొని బయలుదేరాం. మే నెలలో మన ప్రాంతపు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. సీతమ్మవారి నారచీరల గుర్తులున్న వాగు ఒడ్డు చూసి తిరిగి వస్తుండగా బానెట్ కింద కీచుమని శబ్దం, వెంటనే రబ్బరు కాలిన వాసన. ఏసీ గాలి వేడెక్కింది. నాయనమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, పైగా రక్తపోటు. నాకు కాళ్ళు ఆడలేదు.

"ముందు ఏసీ స్విచ్ ఆపరా" అన్నారు పెదనాన్న. ఆపగానే శబ్దం పోయింది. ఎందుకు పోయిందో తెలియాలంటే కంప్రెషర్ ఎలా తిరుగుతుందో తెలియాలి.

ఇంజను బెల్టు కంప్రెషర్ మీది పుల్లీని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. లోపలి షాఫ్ట్ మాత్రం, మనం స్విచ్ వేసినప్పుడు విద్యుదయస్కాంతం క్లచ్ పలకను పుల్లీకి లాగి అంటిస్తేనే తిరుగుతుంది. మా కంప్రెషర్ లోపల పట్టేసింది. షాఫ్ట్ కదలక, బెల్టు జారి కాలింది. స్విచ్ ఆపితే పలక విడిపోయి పుల్లీ తన బేరింగు మీద తాను తిరిగింది. అదే బెల్టు ఆల్టర్నేటరును కూడా తిప్పుతుంది గనుక, తెగి ఉంటే అడవి దారిలో బండి ఆగిపోయేది. 1939లో అమెరికాలో ప్యాకర్డ్ సంస్థ ఏసీ కారును తెచ్చినప్పుడు ఈ క్లచ్ లేదట. చల్లదనం వద్దనుకుంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయాలి! అద్దాలు దించి, తడి తువ్వాలు నాయనమ్మ తల మీద కప్పి, మెల్లగా భద్రాచలం చేరాం.

ఇక అసలు ప్రశ్న: ఎందుకు పట్టేసింది? అంతకుముందు రెండేళ్ళలో మూడుసార్లు చల్లదనం తగ్గింది. మూడుసార్లూ ఒక షెడ్డులో "గ్యాస్ అయిపోయింది, నింపితే అయిపోద్ది" అని నింపి పంపారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. కంప్రెషరుకు వేరే నూనె గది ఉండదు. దాని నూనె గ్యాసుతో కలిసి గొట్టాలన్నీ తిరిగి మళ్ళీ దాని దగ్గరికే వస్తుంది. గ్యాసు కారినచోట నూనె కూడా కొంత పోతుంది. గ్యాసు మాత్రమే నింపి నూనె సంగతి మరిస్తే, లోహం లోహాన్ని తినేస్తుంది. మా పాత కంప్రెషర్‌ను ఒంపితే టీ కప్పు అడుగైనా నిండలేదు. వచ్చిన కాస్తా నల్లగా, వెండి పొడి చల్లినట్లు మెరిసింది.

భద్రాచలంలో దొరికిన మెకానిక్ అన్న ఓపికమంతుడు. "కొత్తది ఒక్కటి బిగిస్తే ఖర్చు తగ్గుతది గదా అన్నా?" అని అడిగితే, ఆ పొడి చూపించి, "ఇది లోపల తిరుగుతుంటే కొత్తది ఆర్నెల్లు కూడా ఉండదు తమ్ముడూ" అన్నాడు. కాబట్టి తేమ పీల్చే డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాం. గొట్టాలు కడిగాం. కండెన్సర్ దారులు వెంట్రుకంత సన్నం, కడిగినా పొడి పోదు గనుక అదీ కొత్తదే వేయాల్సి వచ్చింది. ఖర్చు రెట్టింపయింది. పెదనాన్న రెండు రోజులు మాట్లాడలేదు!

విప్పేముందు పాత గ్యాసును యంత్రంతో సిలిండరులోకి లాగాలి, గాలిలోకి వదలరాదు. ఒకప్పటి ఆర్-12 ఓజోను పొరను తింటుందని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. తరువాత వచ్చిన ఆర్-134ఏ ఓజోనును తినకపోయినా, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లకు పైమాటే. రెండింటికీ నూనెలు కూడా వేరు, కలపరాదు.

కొత్త కంప్రెషర్‌లో తయారీదారు చెప్పిన నూనె కొలిచి పోసి, షాఫ్ట్‌ను చేత్తో పదిసార్లు తిప్పి బిగించాలి. రబ్బరు రింగులన్నీ కొత్తవి, నూనె రాసి వేయాలి. ఆ తరువాత వ్యాక్యూమ్ పంపు అరగంటకు తగ్గకుండా నడవాలి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పీడనం తగ్గిస్తే గది వేడికే నీరు మరగడం చూశాం గదా! గొట్టాల్లోని తేమ కూడా అలాగే ఆవిరై బయటికి పోతుంది. మిగిలితే వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి ఆమ్లమూ అవుతుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలిస్తేనే గ్యాసు ఎక్కించాలి, అదీ త్రాసు మీద తూచి. బానెట్ కింది చీటీలో ఎన్ని గ్రాములో వ్రాసి ఉంటుంది. ఎక్కువైతే చల్లదనం పెరగదు, పీడనం పెరుగుతుంది.

లీకు ఎక్కడో చెప్పలేదు కదూ? కండెన్సర్ మూతి దగ్గర ఎండిపోయిన రబ్బరు రింగు. చుట్టూ నూనె మరక, దాని మీద దుమ్ము. రెండేళ్ళుగా కంటికెదురుగానే ఉంది.

ఇప్పుడు వారానికోసారి నేనే బానెట్ ఎత్తి జిగురు మరకలు వెతుకుతాను. కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న ఆకులు, పురుగులు సన్నని నీటిధారతో కడుగుతాను. షాఫ్ట్ సీలుకు నూనె అందాలని డిసెంబరు చలిలో కూడా పది నిమిషాలు ఏసీ వేస్తాను. నాయనమ్మ వెనక సీట్లో శాలువా కప్పుకొని, "చలికాలంలో ఇదేం పిచ్చిరా" అంటుంది.